ఏడాది కోర్సు, 90 రోజుల అనుమతి: థాయ్ భాష చదవడానికి వీసా ఎలా నడుస్తుంది

బ్యాంకాక్‌లోనో చియాంగ్ మాయ్‌లోనో థాయ్ భాష నేర్పే స్కూళ్ల ప్రకటనల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: 'కోర్సులో చేరండి, ఏడాది స్టూడెంట్ వీసా పొందండి'. ఆ మాట మీద డబ్బు కట్టి విమానం దిగినవాళ్లు పాస్‌పోర్టులో పడిన ముద్ర చూసి కంగారుపడతారు. ఏడాది అన్నారు, ముద్రలో ఉన్నది 90 రోజులే. స్కూలు మోసం చేసిందా అంటే, చాలాసార్లు అదేమీ ఉండదు. కోర్సు నిజంగానే ఏడాదిది. అక్కడ ఉండే అనుమతి మాత్రం ఏడాదికంతా ఒక్కసారే రాదు. మూడు నెలలకోసారి కాగితాలు పట్టుకెళ్లి అడగాలి, అడిగిన ప్రతిసారీ ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు.

మనం 'వీసా' అని ఒక్క పేరుతో పిలిచేదాంట్లో నిజానికి మూడు ప్రభుత్వ శాఖల ప్రమేయం ఉంది. ఫలానా స్కూలు భాష నేర్పడానికి తగినదని, ఫలానా వ్యక్తి అందులో చేరాడని చెప్పేది థాయ్ విద్యాశాఖ. ఆ లేఖ చూసి దేశంలోకి రమ్మని వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ, అంటే మనకు తెలిసిన ఎంబసీలు, కాన్సులేట్లు. వచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది పోలీసు శాఖ కింద పనిచేసే ఇమిగ్రేషన్ బ్యూరో. ఒక శాఖ ఇచ్చిన కాగితాన్ని ఇంకో శాఖ కళ్లు మూసుకుని ఒప్పుకోవాలని లేదు. విద్యార్థులకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల పుట్టేవే.

భాష చదవడానికి ఇచ్చే వీసా పూర్తి పేరు నాన్ ఇమిగ్రెంట్ ఈడీ. అక్కడ అందరూ ఈడీ వీసా అనే అంటారు. విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివేవాళ్లకూ, ప్రైవేటు స్కూల్లో వారానికి నాలుగు రోజులు థాయ్ నేర్చుకునేవాళ్లకూ, బౌద్ధ విహారంలో అధ్యయనానికి వెళ్లే భిక్షువులకూ ఇదే తరగతి. పేరు ఒకటే అయినా ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అందరినీ ఒకేలా చూడరు, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

సాధారణంగా ఇచ్చేది సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా. దాని మీద రెండు గడువులుంటాయి, చాలామంది తికమకపడేది ఇక్కడే. వీసా చేతికొచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టాలి, అది వీసా గడువు. అడుగుపెట్టిన రోజు నుంచి 90 రోజులు ఉండొచ్చు, అది నివాస గడువు. మొదటిది విదేశాంగ శాఖ ఇచ్చింది, రెండోది విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ముద్ర కొట్టి ఇచ్చింది. శుభలేఖ చేతికొస్తే పెళ్లికి వెళ్లొచ్చు, ఆ ఇంట్లో ఎన్నాళ్లుండాలో మాత్రం శుభలేఖలో రాసి ఉండదు. దేశంలోకి వచ్చేశాక వీసా పని ముగిసినట్టే. అక్కణ్నుంచి మీరు రోజూ గుర్తుపెట్టుకోవాల్సింది ముద్రలోని తేదీని.

స్కూలే అసలు పునాది

చాలామంది వీసా గురించి ముందు ఆరా తీసి, ఆ తర్వాత స్కూలు వెతుక్కుంటారు. నా ఉద్దేశంలో వరుస తిరగబడాలి. ఈడీ వీసాకు ఉన్న బలమంతా స్కూలుదే. దాని లైసెన్సు, ఇమిగ్రేషన్ దగ్గర దానికున్న పేరు, హాజరు పట్టీ నిజాయతీగా రాసే అలవాటు, ఈ మూడూ బాగుంటే మీ కాగితాలు సాఫీగా కదులుతాయి. స్కూలు మీద అనుమానం ఉంటే శ్రద్ధగా చదివే విద్యార్థినీ ఆ అనుమానంతోనే చూస్తారు.

థాయ్‌లాండ్‌లో ప్రైవేటు భాషా పాఠశాల నడపాలంటే 2007 నాటి ప్రైవేటు పాఠశాలల చట్టం కింద లైసెన్సు ఉండాలి. వీటిని అనియత విద్యాసంస్థలుగా, అంటే మామూలు బడి చదువుకు బయట నడిచేవిగా లెక్కిస్తారు. పర్యవేక్షించేది విద్యాశాఖలోని ప్రైవేటు విద్యా కమిషన్ కార్యాలయం. మీరు చేరి ఫీజు కట్టాక స్కూలు మీ వివరాలు పంపితే, మీ పేరు మీద వీసా కోసం ఒక అధికారిక లేఖ వస్తుంది. బ్యాంకాక్ బయటి స్కూళ్లయితే ఆ ప్రావిన్సు విద్యా కార్యాలయం ద్వారా ఈ పని సాగుతుంది. లేఖ రావడానికి వారాలు పడుతుంది. అందుకే కోర్సు మొదలయ్యే తేదీకి కనీసం రెండు నెలల ముందు స్కూలుతో మాట్లాడుకోవడం మంచిది.

లేఖ థాయ్‌లో ఉంటుంది. తేదీలు బౌద్ధ శకంలో ఉంటాయి, మన లెక్కకు 543 కలిపితే వాళ్ల సంవత్సరం వస్తుంది. 2026 అంటే 2569. కోర్సు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, వారానికి ఎన్ని గంటలు, మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా అన్నవి లేఖ అందగానే ఎవరిచేతనైనా చదివించుకుని సరిచూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఈ చివరిది మరీ ముఖ్యం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. స్కూలువాళ్లు తమకు తోచిన వరుసలో రాస్తే ఆ ఒక్క తేడాతో దరఖాస్తు ఆగిపోవచ్చు.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. చులలాంకార్న్ విశ్వవిద్యాలయం ఆర్ట్స్ విభాగం విదేశీయుల కోసం నడిపే ఇంటెన్సివ్ థాయ్ కోర్సుకు చాలాకాలంగా మంచి పేరుంది. ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అంటూ మూడేసి చొప్పున తొమ్మిది స్థాయిలుంటాయి. ఒక్కో స్థాయి ఐదు వారాలు, 100 గంటలు. అంటే రోజుకు నాలుగు గంటల తరగతి, ఇంటికెళ్లాక అంతకు తగ్గని చదువు. ఉత్తరాన చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయం భాషా సంస్థలో, పాయప్ విశ్వవిద్యాలయంలో కూడా విదేశీయులకు థాయ్ నేర్పుతారు. ఇవి అంత తేలిగ్గా ఉండవు, గంటకు లెక్కేస్తే ఖర్చూ ఎక్కువే. కానీ విశ్వవిద్యాలయం రాసిచ్చే కాగితానికి ఇమిగ్రేషన్ దగ్గర ఉండే విలువ వేరు. పొడిగింపు గడువు కూడా సాధారణంగా ఎక్కువ దొరుకుతుంది.

ప్రైవేటు స్కూళ్లలో ఏడాది కోర్సు పేరుతో అమ్మేది తరచూ 180 నుంచి 200 గంటలు ఉంటుంది. దీన్ని ఒక లెక్కతో పోల్చి చూడండి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు థాయ్ నేర్పడానికి పెట్టుకున్న ప్రమాణం 44 వారాలు, 1,100 తరగతి గంటలు. వాళ్ల లక్ష్యం ఉద్యోగానికి సరిపడే ప్రావీణ్యం కాబట్టి మన అవసరానికి అంత అక్కర్లేకపోవచ్చు. అయినా ఏడాదికి 180 గంటలు కూర్చుంటే భాష వచ్చేస్తుందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. అది వీసా నిలబడటానికి సరిపోయే కొలత. భాష నిలబడాలంటే తరగతి బయట మీరు పెట్టే గంటలే దిక్కు.

దరఖాస్తు ఎక్కడి నుంచి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు చెన్నైలోని థాయ్ కాన్సులేట్ జనరల్ పరిధిలోకి వస్తారు. ఢిల్లీలో ఎంబసీ, ముంబయి, కోల్‌కతాల్లో మిగతా కాన్సులేట్లు ఉన్నాయి. 2025 జనవరి 1 నుంచి దరఖాస్తు అంతా థాయ్ ప్రభుత్వ ఈవీసా సైట్‌లోనే. వీసా స్టిక్కర్ అతికించడం కోసం పాస్‌పోర్టును ఎక్కడా వదిలి రావాల్సిన పని లేదు. ఆమోదం ఈమెయిల్‌లో వస్తుంది, దాన్ని ప్రింటు తీసుకుని వెంట ఉంచుకోవాలి.

అడిగే పత్రాలు దాదాపు తెలిసినవే: పాస్‌పోర్టు, ఫొటో, స్కూలు ప్రవేశ లేఖ, విద్యాశాఖ లేఖ, స్కూలు లైసెన్సు నకలు, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్. ఇంకేమైనా కావాలంటే దరఖాస్తు చూసే అధికారి అడగొచ్చు, అది కాన్సులేట్‌ను బట్టి మారుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ విషయంలో మనవాళ్లు చేసే పని ఒకటుంది. దరఖాస్తుకు ముందు రోజు బంధువుల దగ్గర తెచ్చి లక్షలు ఖాతాలో వేస్తారు. నెలల తరబడి ఖాళీగా ఉన్న ఖాతాలో హఠాత్తుగా కనిపించే సొమ్ము దరఖాస్తుకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. చదివించేది తల్లిదండ్రులైతే వాళ్ల ఖాతా వివరాలు, వాళ్ల లేఖ, బంధుత్వం చూపించే పత్రం జత చేస్తే ఉన్నదున్నట్టుగా కథ అర్థమవుతుంది.

దరఖాస్తులో మరో ప్రశ్నకు కూడా జవాబు మన దగ్గర సిద్ధంగా ఉండాలి: థాయ్ ఎందుకు? ఇరవై రెండేళ్ల బీటెక్ పట్టభద్రుడు ఏడాది పాటు బ్యాంకాక్‌లో కూర్చుని థాయ్ నేర్చుకుంటానంటే అధికారికి ఆ అనుమానం రావడం సహజం. పర్యాటక రంగంలో పని చేస్తున్నా, అనువాదం చేయాలనుంది, బౌద్ధ కళ మీద పరిశోధన చేస్తున్నా, జీవిత భాగస్వామి థాయ్, వ్యాపారం అక్కడితో ముడిపడి ఉంది, ఇలా మీ కారణం ఏదైనా కావచ్చు. అది నిజమైనదై ఉండాలి, మీ నోటి నుంచే రావాలి. ఏజెంటు రాసిచ్చిన ఒకే రకం లేఖ పదిమంది దరఖాస్తుల్లో కనిపిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంటి దగ్గర నుంచే వీసాతో వెళ్లడం ఒక పద్ధతి. వీసా లేకుండా పర్యాటకులుగా వెళ్లి అక్కడే ఈడీగా మార్చుకోవడం ఇంకో పద్ధతి. దీనికి ఇమిగ్రేషన్ ఆఫీసులో 2,000 బాట్ (థాయ్ కరెన్సీ) రుసుము కట్టి దరఖాస్తు పెట్టాలి, ఆ రోజుకు నివాస గడువు కనీసం 15 రోజులు మిగిలి ఉండాలి. చట్టంలో దారి ఉంది నిజమే, అయితే విద్యాశాఖ లేఖకు పట్టే వారాలు, దరఖాస్తు తేలడానికి పట్టే వారాలు కలిపితే గడువు కరిగిపోతుంది. లేఖ చేతిలో లేకుండా ఈ దారిలో దిగవద్దనే నా సలహా.

అసలు ఈడీ వీసా అవసరమా?

ఈ ప్రశ్న స్కూళ్లు అడగవు కాబట్టి మనమే వేసుకోవాలి. భారతీయులకు థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి వీసా లేని ప్రవేశం ఇచ్చింది. అప్పట్లో 30 రోజులు, 2024 జులై 15 నుంచి 60 రోజులు. అన్ని రోజులు దేనికన్న విమర్శ ఆ వెంటనే మొదలైంది, తగ్గించాలన్న మాటలూ వచ్చాయి. అందువల్ల టికెట్ కొనేముందు ఆ రోజు ఎంత అమల్లో ఉందో అధికారిక సైట్లో చూసుకోవాలి. ఆ గడువు లోపు ముగిసే చిన్న కోర్సుకు, థాయ్ తనకు ఒంటబడుతుందో లేదో తేల్చుకోవాలనుకునేవారికి ఈడీ వీసా తతంగం చాలా సందర్భాల్లో అనవసరం. ముందు ఐదు వారాలు చదివి, నచ్చితే ఇంటికొచ్చి సరైన దరఖాస్తుతో తిరిగి వెళ్లడం తెలివైన పని. ఏడాది ఫీజు ముందే కట్టేసి రెండో నెలలో స్వరాల (గొంతు ఎత్తు తగ్గులతో మాట అర్థమే మారిపోయే ఉచ్చారణ) దగ్గర చేతులెత్తేసినవాళ్లకు ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

2024 జులైలోనే డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా అని ఒకటి వచ్చింది. రుసుము 10,000 బాట్, ఖాతాలో 5 లక్షల బాట్ చూపించాలి. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులుండొచ్చు. విదేశీ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ముయే థాయ్ బాక్సింగ్, థాయ్ వంట నేర్చుకునేవాళ్లు దీని కింద అడగొచ్చు. భాషా కోర్సును ఇందులో లెక్కించే విషయంలో ఎంబసీలన్నీ ఒకే మాట మీద లేవు. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ కంపెనీకి పనిచేస్తూ, సాయంత్రాలు థాయ్ నేర్చుకోవాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మాత్రం ఇది ఈడీ కంటే నప్పుతుంది. అతని ఉద్యోగమే అర్హత, చదువు అదనం.

దిగిన తర్వాత మొదలయ్యే పని

ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపాలి. 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి, పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు ఏదైనా నకిలీదే అనుకోండి.

అద్దె ఇంట్లో దిగాక మొదటి గండం టీఎం 30. విదేశీయుడికి ఇల్లిచ్చిన యజమాని 24 గంటల్లోపు ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలని 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. బాధ్యత యజమానిదే. అతను చేయకపోతే నష్టపోయేది మాత్రం మీరు, ఎందుకంటే పొడిగింపుకు వెళ్లినప్పుడు ఆ రసీదు చూపించమంటారు. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే 'టీఎం 30 మీరు చేస్తారా' అని అడిగి, సరేనన్న ఇంట్లోనే దిగాలి. అద్దె వెయ్యి బాట్ తక్కువని, రిజిస్ట్రేషన్ ఊసెత్తితే ముఖం తిప్పుకునే యజమాని దగ్గర చేరితే మూడో నెలలో ఆ వెయ్యీ ఏ మూలకూ సరిపోదు.

తర్వాత పొడిగింపు. ముద్రలోని తేదీకి నెల ముందు నుంచి టీఎం 7 ఫారంతో దరఖాస్తు పెట్టొచ్చు. బ్యాంకాక్‌లో అయితే చెంగ్ వత్తన ప్రభుత్వ సముదాయంలోని ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి, తెల్లవారకముందే వరుస మొదలవుతుంది. రుసుము 1,900 బాట్. స్కూలు నుంచి కొత్త లేఖ, హాజరు వివరాలు, మార్కులు కావాలి. భాషా స్కూళ్ల విద్యార్థులకు సాధారణంగా ఇచ్చేది ఒక్కోసారి 90 రోజులు. మొదటి 90 రోజులు వీసాతో వచ్చినవి, ఆపైన మూడు పొడిగింపులు కలిపితే దాదాపు ఏడాది. అంటే ప్రకటనలో చెప్పిన 'ఏడాది వీసా' వెనక 5,700 బాట్, మూడుసార్లు కౌంటర్ ముందు కూర్చోవడం దాగి ఉన్నాయి.

దీనితో కలిపేసి చాలామంది మరచిపోయేది 90 రోజుల రిపోర్టు. పేరులో 90 ఉండటంతో పొడిగింపూ ఇదీ ఒకటే అనుకుంటారు. వేర్వేరు. దేశంలో ఎడతెగకుండా 90 రోజులు ఉన్న ప్రతి విదేశీయుడూ తన చిరునామా ఇదేనని టీఎం 47 ఫారంలో చెప్పుకోవాలి. గడువు తేదీకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు సమయం ఉంటుంది. రుసుము లేదు. మరచిపోయి ఆలస్యంగా వెళ్తే 2,000 బాట్ జరిమానా. దేశం దాటి మళ్లీ వస్తే లెక్క మొదటి నుంచి మొదలవుతుంది.

ఇక సంక్రాంతికి ఇంటికి రావాలనుకునేవారు చెవిన పెట్టుకోవాల్సిన సంగతి. మీ దగ్గర ఉన్నది సింగిల్ ఎంట్రీ. ఒకసారి దేశం దాటితే, మిగిలిన నివాస అనుమతి ఎన్ని రోజులదైనా ఆ క్షణంలోనే రద్దయిపోతుంది. అది నిలవాలంటే బయల్దేరేముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒక్క ప్రయాణానికి 1,000 బాట్, ఎన్నిసార్లయినా వెళ్లి వచ్చేదానికి 3,800 బాట్. సువర్ణభూమి విమానాశ్రయంలోనూ ఇస్తారు గానీ చివరి నిమిషానికి పెట్టుకోకపోవడమే మంచిది. పర్మిట్ లేకుండా వచ్చేస్తే తిరిగి వెళ్లేది మళ్లీ పర్యాటకులుగానే, ఈడీ కథ మొదటికొస్తుంది. చెల్లెలి పెళ్లికనో, నాయనమ్మకు బాగోలేదనో హడావుడిగా బయల్దేరేటప్పుడే ఇలాంటివి గుర్తుకురావు. అందుకే పొడిగింపు దొరికిన రోజునే పర్మిట్ కూడా తీసిపెట్టుకుంటే నిశ్చింత, కాకపోతే అది ఆ నివాస గడువు వరకే చెల్లుతుంది కాబట్టి తర్వాతి పొడిగింపుకు మళ్లీ తీసుకోవాలి.

గడువు దాటి ఉండిపోతే రోజుకు 500 బాట్ చొప్పున, గరిష్ఠంగా 20,000 బాట్ జరిమానా. 40 రోజులకే ఆ పరిమితికి చేరుకుంటారు. డబ్బు కట్టి బయటపడితే చాలనుకోవద్దు. 2016 మార్చి 20 నుంచి నిషేధాలు అమల్లో ఉన్నాయి. 90 రోజులకు మించి ఆలస్యమై మీ అంతట మీరే విమానాశ్రయంలో లొంగిపోతే ఏడాది పాటు థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టలేరు. ఏడాది దాటితే మూడేళ్లు. అదే మీరు పట్టుబడితే, ఏడాదిలోపు ఆలస్యానికి కూడా ఐదేళ్ల నిషేధం. ఒక్క రోజు ఆలస్యమైనా సరే, దారిలో తనిఖీలో దొరికితే ఈ చివరి నియమం వర్తిస్తుంది.

అధికారి థాయ్‌లో ఎందుకు మాట్లాడతాడు

పొడిగింపుకు వెళ్లిన విద్యార్థిని కౌంటర్ వెనకున్న అధికారి పేరేంటి, ఎక్కడుంటావు, ఎన్ని రోజులకోసారి తరగతి, టీచరు పేరేంటి అని థాయ్‌లోనే అడగొచ్చు. కొన్నిసార్లు ఒక వాక్యం రాయమంటారు, గోడ మీది బోర్డు చదవమంటారు. ఇది ఏ చట్టంలోనూ రాసిన పరీక్ష అనుకోనక్కర్లేదు, అధికారి విచక్షణ. దీని వెనక ఒక చరిత్ర ఉంది.

చాలా ఏళ్ల పాటు ఈడీ వీసా థాయ్‌లాండ్‌లో చౌకగా ఉండిపోవడానికి అడ్డదారి. రిటైర్మెంట్ వీసాకు 50 ఏళ్లు నిండాలి, వర్క్ పర్మిట్‌కు ఉద్యోగం కావాలి. భాషా స్కూలుకు ముప్పై వేల బాట్ ఫీజు కడితే వయసు, జీతం ఏవీ అడగరు. పేరు నమోదు చేసుకుని తరగతి ముఖం చూడనివాళ్లు, వాళ్లకు హాజరు వేసిపెట్టిన స్కూళ్లు లెక్కకు మిక్కిలి. 2014లో సైనిక ప్రభుత్వం వచ్చాక ఇమిగ్రేషన్ దీనిమీద దృష్టిపెట్టింది. సరిహద్దు దాటి వెంటనే తిరిగొచ్చే వీసా రన్‌లను కట్టడి చేసింది. అదే ఏడాది వచ్చిన 327/2557 నంబరు పోలీసు ఆదేశం పొడిగింపులకు ప్రమాణాలు నిర్దేశించింది. అప్పటి నుంచి తనిఖీలు ఒకసారి బిగుస్తూ, ఒకసారి సడలుతూ సాగుతున్నాయి.

దీన్ని విద్యార్థిని వేధించడంగా నేను చూడను. మూడు నెలలు నిజంగా చదివినవాడికి ఆ ప్రశ్నలు తేలిక. చదవనివాడినే పట్టిస్తాయి. బాధల్లా నిజమైన విద్యార్థులదే. ఉచ్చారణ కుదరక తడబడేవాళ్లు, కొత్త మనిషి ముందు నోరు పెగలనివాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక మాట చెప్పాలని ఉంది. మొదటి నెల నుంచే లిపి నేర్చుకోండి. రోమన్ అక్షరాల్లో రాసుకుని మాట్లాడటం మొదట్లో వేగంగా అనిపిస్తుంది, కానీ స్వరాన్ని నిర్ణయించేది లిపే. 44 హల్లులు మూడు వర్గాలుగా ఉంటాయి. హల్లు ఏ వర్గానిదో, అచ్చు దీర్ఘమో హ్రస్వమో, చివరి ధ్వని ఏదో, స్వర చిహ్నం ఉందో లేదో కలిపితే ఐదు స్వరాల్లో ఏది పలకాలో తేలుతుంది. రోమన్ రాతలో ఇదంతా మాయమైపోతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ కొంత కలిసొచ్చే అంశం ఉంది. థాయ్ లిపి పాత ఖ్మేర్ లిపి నుంచి వచ్చింది. ఆ ఖ్మేర్ లిపికి మూలం దక్షిణ భారతంలోని పల్లవ లిపి. అందుకే థాయ్ అక్షరమాల కూడా కంఠ్యాలతో మొదలై తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలుగా మన వర్గాక్షరాల క్రమంలోనే సాగుతుంది. అచ్చు గుర్తు హల్లుకు ముందూ వెనకా పైనా కిందా రావడం కూడా గుణింతం దిద్దినవాడికి వింతగా తోచదు. ఒత్తు అక్షరాలకూ మామూలు అక్షరాలకూ తేడా వినగలిగే చెవి మనకుంది. కష్టపడాల్సింది స్వరాల దగ్గర, మాటల మధ్య ఖాళీ వదలని రాత దగ్గర.

పని ఆశ చూపేవాళ్లతో జాగ్రత్త

ఈడీ వీసా మీద పని చేయకూడదు. పార్ట్ టైమ్ కూడా. ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో విద్యార్థులు వారానికి ఇన్ని గంటలు పనిచేసుకోవచ్చన్న సంగతి విని థాయ్‌లాండ్‌లోనూ అంతే అనుకుంటారు. థాయ్‌లాండ్‌లో పనికి కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్ వేరుగా కావాలి. అది లేకుండా దొరికితే 5,000 నుంచి 50,000 బాట్ జరిమానా కట్టించి దేశం నుంచి పంపేస్తారు, రెండేళ్ల వరకు మళ్లీ వర్క్ పర్మిట్ ఇవ్వరు. ఇండియన్ రెస్టారెంట్‌లో సాయంత్రాలు సాయం చేయడం, పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పడం కూడా ఇందులోకే వస్తాయి.

ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 'భాషా కోర్సు వీసా మీద వెళ్లు, వెళ్లాక డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తాం' అనే మనిషి ఎదురైతే ఆ దారి ఎటు తీస్తుందో మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు అనుభవమైంది. బ్యాంకాక్‌లో దింపుకుని, రోడ్డు మార్గంలో మే సాట్ వరకు తీసుకెళ్లి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడ్డీ సైబర్ మోసాల శిబిరాలకు చేర్చిన ఉదంతాలు ఎన్నో. 2025 మార్చిలో భారత ప్రభుత్వం మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో రెండు విడతలుగా 549 మందిని వెనక్కి తెచ్చింది, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది థాయ్‌లాండ్‌లో ఉద్యోగం అనే నమ్మకంతోనే ఇల్లు కదిలారు. నిజమైన భాషా స్కూలు ఉద్యోగం మాట ఎత్తదు. ఎత్తితే ఫోన్ పెట్టేయండి. పదో తరగతి పాస్ కాక ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉన్న పాస్‌పోర్టులవాళ్లకు ఇంకో సంగతి: ఉద్యోగానికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి తప్పనిసరైన 18 దేశాల్లో థాయ్‌లాండ్ ఒకటి. చదువు పేరుతో పంపిస్తామనడం ఆ తనిఖీని తప్పించుకోవడానికి కూడా కావచ్చు.

స్కూలు మధ్యలో మానేసినా, వేరే స్కూలుకు మారినా మీ నివాస అనుమతి మీతో రాదు. అది ఆ స్కూలు పేరు మీద ఉన్న అనుమతి. మానేశారని స్కూలు ఇమిగ్రేషన్‌కు తెలియజేస్తే, ముద్రలో రెండు నెలలు మిగిలి ఉన్నా అది చెల్లదు. కొత్త స్కూలు కొత్త లేఖ తెప్పించాలి, చాలావరకు దేశం బయటికి వచ్చి కొత్త వీసాకు అడగాలి. అందుకే ఫీజు కట్టేముందు స్కూలుకు ఈమెయిల్ రాసి నాలుగు విషయాలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి: వీసా తిరస్కరిస్తే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారు, విద్యాశాఖ లేఖకు ఎన్ని వారాలు పడుతుంది, పొడిగింపుకు స్కూలు మనిషి తోడు వస్తాడా, ఎంత హాజరు తగ్గితే లేఖ ఇవ్వరు. నాలుగో ప్రశ్నకు 'హాజరు సంగతి మేం చూసుకుంటాం' అని జవాబొస్తే ఆ స్కూల్లో చేరవద్దు.